చెరుకుతోటే అడవి

సూరత్ అనగానే తెలుగువారికి మొదట తలపునకు వచ్చేది చీర. ఆ తరువాత వజ్రం. తెలంగాణ జిల్లాల నుంచి తరతరాలుగా వలసవెళ్లిన నేతపనివారి కుటుంబాలు ఎన్నో ఆ నగరపు మరమగ్గాలను నమ్ముకొని బతుకుతున్నాయి. ప్రపంచంలోని వజ్రాలలో పదింట తొమ్మిది సానదేరేది అక్కడేనని వర్తకులు చెబుతారు. 2011 జనాభా లెక్కల నాటికే నగర జనసంఖ్య 44 లక్షలు దాటింది. ఇంతటి రద్దీ నడుమ అడవి జంతువుల ప్రసక్తి ఎవరికి స్ఫురిస్తుంది?

కాని సూరత్ అంటే మగ్గాలూ వజ్రాలూ మాత్రమే కాదు. మధ్యప్రదేశ్‌లోని ముల్తాయి వద్ద పుట్టి, 724 కిలోమీటర్లు ప్రవహించే తాపీ నది ఈ నగరాన్ని ఒరుసుకుంటూ పోయి, ఖంభాత్ సింధుశాఖ దాపున అరేబియా సముద్రంలో కలుస్తుంది. సముద్రపు బురద మొదలుకొని తూర్పు కొండల దాకా ఈ నది వెంబడి ఎదురు సాగిపోతే, నాలుగు విచిత్రమైన ప్రాణులు తారసపడతాయి. నాలుగూ మనుషుల నడుమనే బతుకుతున్నవి. వాటి బతుకుతెరువును కాస్త దగ్గరగా పరిశీలిస్తే, పరిస్థితులకు ఒదిగిపోవడమంటే ఏమిటో తెలుస్తుంది. ఆ ఒదుగుబాటుకు హద్దు ఎక్కడో కూడా తెలిసివస్తుంది.

నేలమీద నడిచే చేప

మన దేశంలో సముద్రపు ఆటుపోట్లు అన్నిటికన్నా ఉధృతంగా కనిపించేది ఖంభాత్ సింధుశాఖలోనే. విశాఖపట్నంలో పోటుకూ ఆటుకూ నడుమ నీటిమట్టంలో తేడా సాధారణంగా ఒకటిన్నర మీటర్లు మించదు. సింధుశాఖకు ఎగువన భావనగర్ వైపు అది పది మీటర్ల దాకా ఉంటుంది. అంటే మూడంతస్తుల మేడ ఎత్తు నీరు రోజుకు రెండుసార్లు వచ్చి, రెండుసార్లు వెనక్కు పోతుందన్నమాట. సూరత్ దగ్గర తేడా అంత లేకపోయినా, ఆటు వేళ తాపీ ముఖద్వారంలో బురదమేటలు కనుచూపు మేర బయటపడతాయి.

నీరు తీసేసిన ఆ బురదమీదికి అప్పుడొక చేప నడిచి వస్తుంది. సూరత్ జనం దానిని ‘లెవ్‌టా’ అంటారు. నీళ్లు పోగానే గిలగిల కొట్టుకొని చావవలసిన చేప, ఎండలో తాపీగా మేత మేస్తూ తిరుగుతుంది! రొమ్ము దగ్గరి రెండు రెక్కలను చంక కర్రల మాదిరి ముందుకు వేసి, శరీరాన్ని ఈడ్చుకుంటూ ముందుకు జరుగుతుంది. తోకతో బురదను తన్ని గాలిలోకి ఎగురుతుంది. కళ్లు తలపైన కప్ప కళ్లలా ఉబ్బి ఉంటాయి. అవి పొడిబారినప్పుడు వాటిని గుంటలలోకి లాక్కొని, తడిచేసుకొని, మళ్లీ పైకి తెస్తుంది. మొప్పల గదులలో నీటిని నింపుకొని వస్తుంది. తడి ఆరనంతకాలం చర్మం ద్వారా కూడా గాలిని పీల్చుకుంటుంది. అందుకే నడుమనడుమ బురదలో పొర్లి ఒంటికి తడి పట్టించుకుంటుంది. బురద పైపొరలో సూర్యరశ్మికి పెరిగే, కంటికి కనిపించనంత సూక్ష్మమైన నాచు దీని ఆహారం. పశువు పచ్చికబయలులో మేసినట్టే తలను ఇటూ అటూ ఆడిస్తూ ఈ చేప బురదను మేస్తుంది.

ఈ జాతి చేపల కాపురం మరీ విడ్డూరం. ఇవి బురదలో బొరియలు తవ్వి వాటిలోనే గుడ్లు పెడతాయి. బొరియ అడుగున నీటిలో ప్రాణవాయువు దాదాపు ఉండదు. జపాన్ తీరంలో ఈ కుటుంబానికే చెందిన ఒక చేపను పరిశీలించిన శాస్త్రజ్ఞులు దీని మర్మం కనిపెట్టారు. మగచేప బయట నోటినిండా గాలి పుక్కిలించుకొని పోయి, గుడ్లున్న గదిలో వదులుతుంది. ఆటు వచ్చినప్పుడల్లా ఇదే పని. గుడ్లు పొదిగే సమయం ఆసన్నమైనప్పుడు, పోటు పెరుగుతున్న రాత్రివేళ, ఆ గాలినంతా అదే నోటితో బయటికి తోడేస్తుంది. నీరు గదిని ముంచగానే పిల్లలు గుడ్లను చీల్చుకొని వెలువడతాయి. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవులలో నడిచినవారు ఈ జాతి చేపలు గెంతడం చూసే ఉంటారు.

సూరత్ పరిసరాలలో లెవ్‌టా కొందరికి జీవనాధారం, మరెందరికో ఇష్టమైన వంటకం. మోకాలిలోతు బురదలో దిగబడుతూ బొరియలో చేయిపెట్టి దీనిని పట్టడం ఒక విద్య. కాని ముఖద్వారానికి పక్కనే హజీరా ఉంది. అక్కడ ఉక్కు కర్మాగారం, సహజవాయువును దింపుకొనే కేంద్రం, నౌకాశ్రయం వెలిశాయి. ఈ చేప ఇట్టి శరీరాన్ని సంపాదించుకోవడానికి లక్షలాది సంవత్సరాలు పట్టింది. ఆ శరీరం ఒక్క రకం నేలకే సరిపోతుంది: రోజుకు రెండుసార్లు తడిసి, రెండుసార్లు ఆరే మెత్తని బురదకు. దానిమీద మట్టిపోసి గట్టిచేసిన నాడు ఈ చేపకు వేరే దారి నేర్పేవారు లేరు. ఒదుగుబాటులో ఇది మొదటి రకం. ఒంటిలోనే ఇమిడి ఉన్నది, ఎంతో నిదానంగా వచ్చినది, తొందరగా మారలేనిది.

గంటలు తెలిసిన పక్షులు

ముఖద్వారం నుంచి నగరంలోకి వస్తే, రాందేర్, సింగణ్‌పోర్ ప్రాంతాల నడుమ తాపీకి అడ్డంగా ఒక ఆనకట్ట ఉంది. దాని పైభాగమే వంతెనగా కూడా పనికివస్తుంది. వరదకాలంలో నీరు పైనుంచి పొర్లితే రాకపోకలు ఆపేస్తారు. ఎగువన నగరానికి తాగునీరిచ్చే మంచినీటి మడుగు. దిగువన సముద్రపు పోటు వచ్చిపోయే ఉప్పునీరు. చలికాలం వచ్చిందంటే ఈ రెండింటి నడుమ గాలి అంతా తెల్లని రెక్కలతో నిండిపోతుంది.

ఇవి గల్ పక్షులు. వేసవిలో ముదురు రంగు టోపీ పెట్టుకున్నట్టు కనిపించే వీటి తల, చలికాలంలో తెల్లబడి కంటి వెనుక ఒక మచ్చ మాత్రం మిగులుతుంది. వీటిలో ఒక జాతి లడఖ్, టిబెట్ వంటి ఎత్తయిన పీఠభూములలోని సరస్సుల దగ్గర గుడ్లు పెడుతుంది. మరొక జాతి ఐరోపా, ఆసియా ఖండాల ఉత్తర భాగాల నుంచి వస్తుంది. మంచుకొండల నీటికీ సముద్రపు నీటికీ ఒకే పక్షి ఎట్లా తట్టుకోగలదన్న సందేహం సహజం. కళ్లపైన, నుదుటి భాగంలో వీటికి ఉప్పును వేరుచేసే గ్రంథులు ఉన్నాయి. తాగిన ఉప్పునీటిలోని అదనపు ఉప్పు చిక్కని ద్రవంగా ముక్కు రంధ్రాల నుంచి కారిపోతుంది. పక్షి తల విదిలించి దానిని రాల్చేస్తుంది.

ఇంతవరకు శరీర ధర్మం. అసలు విశేషం వాటి తెలివిలో ఉంది. ఉదయాన సూరత్ వాసులు గాఠియా పొట్లాలతో నదీతీరానికి వస్తారు. గాఠియా అంటే సెనగపిండితో నూనెలో వేయించిన జంతికల వంటి తినుబండారం. గుప్పెడు విసిరితే చాలు, నీటిమీద తేలుతున్న పక్షులన్నీ లేచి గాలిలోనే అందుకుంటాయి. మనిషి చేయి సంచిలోకి పోవడాన్నే అవి కనిపెట్టగలవు. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో ఈ కుటుంబానికే చెందిన మరో జాతి పక్షులను పరిశీలించి 2020లో ప్రకటించిన ఒక అధ్యయనం మరింత ఆసక్తికరమైనది. ఒక పాఠశాలలో విరామవేళకు, ఒక చెత్త కేంద్రంలో బండ్లు దించే వేళకు పక్షులు సరిగ్గా హాజరవుతున్నట్టు అందులో తేలింది. మనుషుల గంటల పట్టిక వాటికి కంఠతా వచ్చిందన్నమాట.

దీనిని రెండవ రకం ఒదుగుబాటు అనవచ్చు. ఒళ్లు పాతదే, నేర్చిన పాఠం కొత్తది. ఈ పాఠంలో తిరకాసు లేకపోలేదు. చేపలూ పురుగులూ తినవలసిన కడుపుకు నూనెపిండి ఒంటబట్టదు. దూరప్రయాణానికి కావలసిన బలం దానివల్ల రాదని పక్షిప్రేమికులు ఏటా హెచ్చరిస్తూనే ఉన్నారు. నేర్చుకోగలిగిన జంతువు మనిషి నేర్పిన చెడుగును కూడా అంతే చురుగ్గా నేర్చుకుంటుంది.

చెరువు గట్టున దొంగ

నగరానికి తూర్పున, కామ్రేజ్ పోయే దారిలో, తాపీ ఒడ్డునే సర్థాణా జంతుప్రదర్శనశాల ఉంది. 1984లో ఏర్పడిన ఈ ఉద్యానం దేశంలో ఒక ప్రత్యేకతకు పేరుపొందింది. నునుపైన బొచ్చు గల నీటికుక్కలు బోనులో పిల్లలను కని పెంచడం అరుదు. ఇక్కడ అవి పలుమార్లు ఈనాయి. ఇక్కడి నీటికుక్కలను ఇచ్చి, ఇతర జంతుశాలల నుంచి వేరే జంతువులను తెచ్చుకోవడం పరిపాటి.

ఆ జంతుశాల గోడ వెలుపల, జిల్లాలోని వాగులలో, చెరువులలో, చేపల పెంపకపు గుంటలలో అవే నీటికుక్కలు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. నీటిలో జీవించే తిమింగలం వంటి జంతువులకు చలి నుంచి కాపాడే కొవ్వుపొర ఉంటుంది. నీటికుక్కకు అది లేదు. దట్టమైన లోపలి బొచ్చులో చిక్కుకున్న గాలే దానికి కంబళి. మునిగినప్పుడు చెవులనూ ముక్కునూ మూసుకుంటుంది. బురదనీటిలో కంటికి ఏమీ కనిపించకపోయినా, చేప కదలికకు పుట్టిన అలజడిని మీసాలతో పసిగడుతుంది. కుటుంబమంతా కలిసి వలయం కట్టి, చేపలను గట్టువైపు తోలుకొచ్చి పట్టుకుంటుంది. ఈ సహజగుణాన్ని గమనించే బంగ్లాదేశ్‌లోని నడాయిల్ ప్రాంతపు జాలరులు నీటికుక్కలను మచ్చిక చేసి, చేపలను వలలోకి తోలించే పద్ధతిని తరతరాలుగా పాటిస్తూ వచ్చారు.

ఇట్టి జంతువుకు చేపల పెంపకందారు తవ్విన గుంట ఎట్లా కనిపిస్తుంది? లోతు తక్కువ, చేపలు ఎక్కువ, తప్పించుకునే దారి లేదు. వడ్డించిన విస్తరి! ఒక్క రాత్రిలో తన పెట్టుబడి మాయమైన రైతుకు మాత్రం అది దొంగ. సింగపూర్‌లో 1998లో తిరిగి కనిపించిన ఈ జాతి నీటికుక్కలు నేడు నగరం నడిబొడ్డున కాలువలలో కాపురముంటూ, ధనవంతుల పెరటి కొలనులలో అలంకారపు చేపలను ఆరగిస్తున్నాయి. అక్కడి ప్రజలు వాటిని చూసి ముచ్చటపడుతున్నారు. అలంకారపు చేప పోతే ధనవంతుడికి చిరాకు; పెంపకపు చేప పోతే చిన్నరైతుకు అప్పు. జంతువు ఒదిగిపోయే నేర్పు ఒక్కటే అయినా, దాని మూల్యం చెల్లించేది ఎవరన్నది చోటును బట్టి మారుతుంది.

ఈ ప్రశ్న మరింత తీవ్రరూపం దాల్చేది తూర్పున, చెరుకుతోటలలో.

పన్నెండు నెలల అడవి

తాపీ మీద కాక్రాపార్ ఆనకట్ట 1950లలో, ఉకాయి జలాశయం 1972లో పూర్తయ్యాయి. కాలువల వెంట నీరు పారిన కొద్దీ దక్షిణ గుజరాత్ మైదానం రూపురేఖలు మారిపోయాయి. జొన్న, పత్తి పండిన మెట్ట పొలాలలో చెరుకు లేచింది. 1928లో సర్దార్ పటేల్ నాయకత్వాన జరిగిన రైతు సత్యాగ్రహంతో చరిత్రకెక్కిన బార్డోలి, సహకార చక్కెర కర్మాగారాలకు పేరుపొందింది. తూర్పున డాంగ్, వాంస్‌దా కొండలలో టేకు, వెదురు అడవులు. పడమట మైళ్లకొలది చెరుకు. ఆ కొండలలోని చిరుతపులికి ఈ పచ్చదనం కంటబడకుండా ఎట్లా ఉంటుంది?

చెరుకును చిరుత కళ్లతో చూడాలి. మొక్కతోటగాని, కార్శి తోటగాని, దాదాపు ఏడాదిపాటు నిలిచి ఉంటుంది. మనిషిని మించిన ఎత్తు. వేసవిలో కూడా లోపల చల్లదనం. పక్కనే కాలువలో నీరు. చెరుకు తినే అడవిపందులు, ఎలుకలు, వాటి వెంట నక్కలు. ఊరి అంచున కుక్కలు, మేకలు. పైరు ఎదిగిన తరువాత నెలల తరబడి మనిషి లోపలికి రాడు. తల్లి చిరుతకు ఇంతకంటె సురక్షితమైన పురిటిగది ఏ అడవిలో దొరుకుతుంది?

మూడు నెలలు మోసి, సాధారణంగా రెండు మూడు కూనలను కంటుంది చిరుత. పుట్టినప్పుడు వాటికి కళ్లు తెరుచుకోవు. వాటిని చెరుకు ఆకుల గుబురులో దాచి రాత్రివేళ వేటకు పోతుంది. ఇట్లా తోటలోనే పుట్టి, తోటలోనే పెరిగి, తోటలోనే జతకట్టే చిరుతలు అడవి మొహం చూడకుండానే బతుకు వెళ్లదీస్తాయి. అటవీశాఖ అంచనా ప్రకారం గుజరాత్‌లో 2016లో 1,395 చిరుతలు ఉండగా, 2023 నాటికి వాటి సంఖ్య 2,274కు చేరింది. వాటిలో ఎన్నో అభయారణ్యాల హద్దులకు వెలుపల, పొలాల నడుమ ఉన్నవే.

పొలాలలో చిరుత ఎట్లా బతుకుతుందో సూక్ష్మంగా పరిశోధించినది పొరుగున ఉన్న మహారాష్ట్రలో. అహ్మద్‌నగర్ జిల్లా అకోలే లోయలో విద్యా ఆత్రేయ, ఆమె సహచరులు పొలంగట్ల మీద దానంతట అదే ఫోటో తీసే కెమెరాలు అమర్చారు. అక్కడ చదరపు కిలోమీటరుకు మూడువందల మందికి పైగా మనుషులు నివసిస్తున్నారు. అడవి లేదు, జింకలు లేవు. అయినా నూరు చదరపు కిలోమీటర్లకు సుమారు అయిదు పెద్ద చిరుతలు ఉన్నట్టు 2013లో ప్రకటించిన ఫలితాలు తెలిపాయి. వాటి మలాన్ని పరీక్షించగా, ఆహారంలో బరువును బట్టి 87 శాతం పెంపుడు జంతువులదేననీ, అందులో ఊరకుక్కల వాటాయే 39 శాతమనీ తేలింది. చిరుత ఆహారం విషయంలో బెట్టు చేయదు. దుప్పి లేని చోట కుక్కతో సరిపెట్టుకుంటుంది.

అంతకన్నా ఆశ్చర్యం మరొకటి. ఇంత దగ్గరగా మసలుతున్నా, పరిశోధన జరిగిన కాలంలో ఆ చిరుతలు మనుషులను చంపలేదు. మెడకు సంకేతాలు పంపే పట్టీలు కట్టి గమనించినప్పుడు, పగలంతా పైరులో కదలకుండా పడుకొని, ఊరు నిద్రపోయాక ఇళ్ల దాపులకు వస్తున్నట్టు వెల్లడైంది. మనిషి ఎప్పుడు మేలుకొని ఉంటాడో, ఏ దారిన నడుస్తాడో, ఏ కుక్క ఎక్కడ పడుకుంటుందో దానికి తెలుసు. ఇదంతా తల్లి వెంట తిరిగిన ఏడాదిన్నర, రెండేళ్లలో కూన నేర్చుకున్న విద్య. అయితే ఈ విద్య ఒక చోటుకు సంబంధించినది. పల్లె మారితే పాఠం మారుతుంది.

బోను చెప్పిన పాఠం

పొలంలో చిరుత కనిపించగానే బోను పెట్టి పట్టుకొని అడవిలో వదిలితే పీడ విరగడవుతుందని ఎవరైనా అనుకుంటారు. పుణె జిల్లా జున్నర్ ప్రాంతపు చెరుకుతోటల దగ్గర అదే జరిగింది. అక్కడ 1993 మొదలు 2001 దాకా చిరుతలు మనుషులపై పడిన ఘటనలు ఏడాదికి సగటున నాలుగు. పొలాలలో పట్టిన చిరుతలను అడవులకు తరలించే కార్యక్రమం మొదలైన తరువాత ఆ సగటు పదిహేడుకు పెరిగింది. దాడులలో ప్రాణాంతకమైన వాటి పాలు కూడా 18 శాతం నుంచి 36 శాతానికి రెట్టింపయింది. 2011లో వెలువడిన ఈ పరిశోధన, తరలింపు మీద ఉన్న నమ్మకాన్ని కుదిపివేసింది.

కారణం ఊహించడం కష్టం కాదు. బోనులో చిక్కి, మనుషుల గుంపు నడుమ భయంతో వణికి, ఎరుగని చోట విడిచిపెట్టబడిన జంతువుకు అక్కడి మనుషుల అలవాట్లు తెలియవు. వదిలిన అడవి అంచున ఉన్న పల్లెల మీదికి అది వస్తుంది. అది ఖాళీ చేసిన చోటికి వయసులో ఉన్న మరో చిరుత వస్తుంది. దానికీ ఆ ఊరు కొత్తే. ఉన్న చోట ఎవరినీ ముట్టక బతుకుతున్న అనుభవశాలిని తీసివేసి, రెండు చోట్ల అనుభవం లేనివాటిని దింపినట్టయింది.

పైగా వదిలిన చోటనే చిరుత ఉండిపోతుందన్న భరోసా కూడా లేదు. 2009లో అహ్మద్‌నగర్ జిల్లాలో బావిలో పడిన ఒక మగ చిరుతను పైకి తీసి, మెడకు పట్టీ కట్టి, మాల్షేజ్ ఘాట్ దగ్గర అడవిలో విడిచారు. పరిశోధకులు దానికి ‘ఆజోబా’ అని పేరు పెట్టారు; మరాఠీలో తాతగారని అర్థం. నెల తిరగకుండానే అది రహదారులు దాటి, రైలుపట్టాలు దాటి, వసయి దగ్గర సముద్రపు పాయను ఈది, సుమారు 120 కిలోమీటర్ల దూరాన ముంబయి నగరాన్ని ఆనుకొని ఉన్న సంజయ్ గాంధీ జాతీయోద్యానం చేరుకుంది. దారిలో ఎవరికీ హాని చేయలేదు. 2011 డిసెంబరులో రహదారి మీద ఏదో వాహనం ఢీకొని మరణించింది.

చిరుతల వల్ల ప్రాణనష్టమే ఉండదని దీని అర్థం కాదు. 2023 ఆగస్టులో తిరుమల అలిపిరి కాలినడక దారిలో ఆరేళ్ల పసిపాపను చిరుత బలిగొన్న సంగతి తెలుగువారెవరూ మరచిపోలేరు. ఆ తరువాత నడకదారిలో పిల్లలకు వేళల నిబంధన పెట్టారు. భక్తులకు చేతికర్రలు ఇచ్చారు. బోనులు కూడా పెట్టారు. మనిషి ప్రాణాలు తీసిన జంతువును పట్టక తప్పదు. కాని కనిపించిన ప్రతి చిరుతనూ పట్టి మరోచోట వదలడం కీడును ఒక ఊరి నుంచి మరో ఊరికి మోసుకుపోవడమే కావచ్చునని జున్నర్ అనుభవం హెచ్చరిస్తున్నది.

కోతకాలం

చెరుకుతోట అడవి వంటిదే గాని, అడవికి లేని గుణం ఒకటి దానికి ఉంది. అది ఒక్క రోజులో మాయమవుతుంది.

దీపావళి ప్రాంతంలో చక్కెర కర్మాగారాలు గానుగ మొదలుపెడతాయి. డాంగ్ కొండల నుంచి, మహారాష్ట్రలోని ఖాందేశ్ నుంచి కూలీలు కుటుంబాలతో సహా బార్డోలి, మహువా, మాండ్వీ ప్రాంతాలకు తరలివస్తారు. చేతిలో వంకీ కత్తి, వెంట భార్యాబిడ్డలు. పొలాల అంచులలోనే గుడారాలు, ఆకు పాకలు. తెల్లవారకముందే కోత మొదలవుతుంది. వరుస వెంట వరుస నేలకొరుగుతుంటే, లోపల ఉన్న చిరుత వెనక్కు వెనక్కు జరుగుతుంది. మిగిలిన నాలుగు సాళ్లలో పిల్లి కూనల వంటివి కనిపించి కూలీలు ఆగిపోతారు.

కొన్నిచోట్ల ఆకును తొలగించే శ్రమ తగ్గుతుందనీ, పాముల భయం ఉండదనీ కోతకు ముందు తోటకు నిప్పు పెట్టడం ఉంది. పుణె జిల్లా అంబేగావ్ తాలూకాలో 2019 ఏప్రిల్‌లో అట్టి మంటలో అయిదు చిరుత కూనలు మాడిపోయాయి. కళ్లముందే బిడ్డలు పోయిన తల్లి చిరుత ఆ పరిసరాలను వెంటనే విడిచిపోదు. కూనలను ఎవరైనా ఊరికి తీసుకుపోయినా అంతే. రాత్రి అది వాటికోసం వెతుకుతూ తిరుగుతుంది. ఆ తిరిగేది కూలీల పాకల నడుమనే.

అందుకే అనుభవం మీద ఒక పద్ధతి స్థిరపడింది. కూనలు కనిపిస్తే కోత ఆపాలి. అటవీశాఖకు కబురు చేయాలి. వైద్యుడు చూసిన తరువాత, వాటిని ఒక బుట్టలోగాని పెట్టెలోగాని ఉంచి, దొరికిన చోటనే సాయంకాలం వదిలి, మనుషులు దూరంగా వెళ్లిపోవాలి. చీకట్లో చూసే కెమెరా ఒకటి అమరుస్తారు. రాత్రి ఏ వేళనో తల్లి వస్తుంది. బుట్ట చుట్టూ తిరుగుతుంది, వాసన చూస్తుంది, ఒక్కొక్క కూననే మెడ పట్టి కరచుకొని పక్కతోటకు చేరుస్తుంది. మహారాష్ట్రలో ఇట్లా ఎన్నో కూనలు తల్లులను చేరాయి. దీనికి ఖర్చు లేదు. కావలసిందల్లా ఒక పూట ఓపిక.

ఆ ఓపిక ఎవరిది అన్నదే అసలు ప్రశ్న. కోసిన టన్నుల లెక్కన కూలి తీసుకునే మనిషికి ఒక పూట కోత ఆగితే ఆ పూట తిండికి వెలితి. కర్మాగారానికి లారీ ఆలస్యమైతే రైతుకు నష్టం. చిరుత పక్కన పసిబిడ్డను పడుకోబెట్టుకున్నది కూలి తల్లే గాని, కర్మాగారం వాటాదారు కాదు. డాంగ్ గిరిజనులు దీపావళికి ముందు వచ్చే వాఘ్ బారస్ నాడు పులిదేవుడిని కొలుస్తారు. పులి దగ్గర మెలగవలసిన తీరు వారికి తాతలనాడే తెలుసు. అదే మనుషులు కూలికి వచ్చినప్పుడు, తలుపులేని పాకలో పడుకొని ఆ తీరును పాటించడం ఎట్లా?

చేయగలిగినవి పెద్ద పనులేమీ కావు. తోటను నాలుగు వైపుల నుంచి గాక ఒక వైపు నుంచి కోసుకుంటూ పోతే జంతువుకు తప్పుకునే దారి ఉంటుంది. నిప్పు పెట్టడం మానవచ్చు. మేకలకు పైకప్పు గల కొట్టం, కూలీల పాకలకు తడికె తలుపూ ఒక దీపమూ ఏర్పాటు చేయవచ్చు. కుక్కలను పోగుచేసే కసువును ఊరి అంచున కుప్పపోయకుండా చూడవచ్చు. కూనల కోసం ఆపిన పూటకు కూలి ఇవ్వవచ్చు.

తాపీ ముఖద్వారపు చేప తన ఒంటిని మార్చుకొని బురదకు అలవాటుపడింది. చిరుత ఒళ్లు మారలేదు. అది మన వేళలను, మన దారులను, మన పంటల కాలాన్ని నేర్చుకుంది. నరికిన చెరుకు మోడుల నుంచి కార్శి తోట మళ్లీ చిగురిస్తుంది. వానలు వెలిసేసరికి మనిషిని దాటి పెరుగుతుంది. చిరుత మళ్లీ అందులోకి వస్తుంది. మరుసటి దీపావళికి డాంగ్ నుంచి కూలీల బండ్లు కూడా వస్తాయి. వారికి తలుపున్న పాక దొరుకుతుందా లేదా అన్నదాన్ని బట్టే ఆ రెండు తల్లుల కోతకాలం ఎట్లా గడుస్తుందో తేలుతుంది.